గోల్డ్ కార్డు ఎవరి పేరున

ఎమ్మిగనూరు నేతగాళ్ళలో విమానాల సంగతులు జగదీష్‌కు తెలిసినంతగా ఇంకొకరికి తెలియవు. ఏ కంపెనీ విమానంలో ఎన్ని కిలోల సామాను ఉచితమో, ఏడాదికి ఎన్నిసార్లు ఎక్కితే గోల్డ్ కార్డు ఇస్తారో, ఆ కార్డు ఉన్నవాళ్ళకు లైనులో నిలబడే బాధ ఎట్లా తప్పుతుందో, లాంజ్ అనే చల్లటి హాల్లో కూర్చోబెట్టి టిఫిను ఎట్లా పెడతారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. టీ బంకు దగ్గర అతను ఇవన్నీ వివరిస్తుంటే, కొత్తవాళ్ళు ఈయన వారానికోసారి ఢిల్లీ పోయి వస్తాడేమో అనుకుంటారు. నిజానికి జగదీష్ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారే విమానం ఎక్కాడు.

అది నాలుగేళ్ళ కిందటి మాట. భువనేశ్వర్‌లో చేనేత ప్రదర్శనకు పోయినప్పుడు, విమానం దిగే ముందు ఎడమ చెవిలో సూది గుచ్చినట్టయి, కిందికి వచ్చేసరికి రక్తం కారింది. తిరుగు ప్రయాణం రైల్లో చేశాడు. ఆదోనిలో చెవి డాక్టరు చూసి, నయమయ్యేదాకా విమానం జోలికి పోవద్దన్నాడు. చెవి ఆరు నెలల్లో నయమైంది, భయం మాత్రం నయం కాలేదు. అప్పటి నుంచి ప్రదర్శనలకు అతని భార్య సునంద పోతోంది. మగ్గాలు చూసుకునే మనిషి ఇంట్లో ఒకరుండాలి కదా అని జగదీష్ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకున్నాడు. కొన్నాళ్ళకు అతనికే అది నిజమనిపించింది.

సునంద మొదటిసారి పోయినప్పుడు ఎయిర్‌పోర్టులో కదిలే మెట్ల యంత్రం ఎక్కలేక మామూలు మెట్ల మీదుగా పోయిందట. ఇప్పుడు ఏడాదికి పదిసార్లు పోతోంది. ఢిల్లీ, చండీగఢ్, లక్నో, గువాహటి. రైలుకైతే పోను రెండు రోజులు, రాను రెండు రోజులు, ఆ నాలుగు రోజులూ ఆమె మగ్గం ఖాళీగా ఉండాలి. అందుకని విమానం. దుప్పట్ల మూటలు ముందే లారీ పార్సిల్‌లో పంపేస్తారు. చివరి వారంలో మగ్గం మీంచి కోసిన కొత్త రకాలు మాత్రం ఆమె తనతో తీసుకుపోతుంది. స్టాలు ముందు జనాన్ని ఆపేవి ఆ కొత్త రకాలే. కాబట్టి సునందకు విమానంలో కావలసింది కిటికీ పక్కన సీటూ కాదు, టిఫినూ కాదు. కిలోలు.

ఆ సంగతి జగదీష్‌కు తెలుసు. జనవరిలోనే నోటు పుస్తకంలో గీత గీసి, ఒక పక్క మయూరి ఎయిర్ అనీ, ఇంకో పక్క నీలగిరి ఎయిర్ అనీ రాసి, రెండు కంపెనీల కార్డుల లాభాలన్నీ ఎక్కించాడు. పది రోజులు ఆలోచించాడు. తన పెళ్ళి సంబంధం చూసేటప్పుడు కూడా అంత ఆలోచించి ఉండడు. చివరికి మయూరి గెలిచింది. పదహారు ఎక్కుళ్ళకు గోల్డ్, గోల్డ్ వస్తే మామూలు పదిహేను కిలోలకు తోడు ఇంకో పదిహేను. పోవడం ఒక ఎక్కుడు, రావడం ఒక ఎక్కుడు. సునంద తిరిగే తిరుగుడుకు దసరా లోపలే గోల్డ్ రావాలి.

సభ్యత్వం ఫోనులో తనే తీసుకున్నాడు, పేరు అడిగిన చోట తన పేరు రాశాడు. ఇందులో దురాశ ఏమీ లేదు. నేతగాళ్ళ ఇళ్ళలో పడుగు నూలు సర్దేది ఒకరు, నూలు కండెలు చుట్టేది ఒకరు, మగ్గం మీద కూర్చునేది ఇద్దరో ముగ్గురో. వాళ్ళ పేట నేతగాళ్ళ సొసైటీలో సభ్యత్వం మాత్రం ఇంటికి ఒక్కటే, ఇంటిపెద్ద పేరున. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో సునంద నేసిన బట్టంతా పుస్తకంలో జగదీష్ నేసినట్టే ఉంది. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు, సునంద కూడా అనుకోలేదు. ఇంటిల్లిపాదీ చేసిన పని ఇంటిపెద్ద పేరున పడుతుంది. విమానం కంపెనీ మాత్రం వేరే లోకంలో ఉందా అని జగదీష్ లెక్క.

టికెట్లు ఆదోనిలో అక్బర్ తీస్తాడు. బస్టాండు దగ్గర చిన్న షాపు పెట్టుకుని, మక్కాకు ఉమ్రా యాత్ర పోయేవాళ్ళ వీసాల నుంచి బెంగళూరు బస్సుల దాకా అన్నీ చూస్తాడు. ఎక్కేది అక్క అయితే అన్న నెంబరు ఎట్లా వేసేదని మొదట్లో ఒకసారి అడిగాడు. మా ఇంటి ప్రయాణం మా ఇంటి నెంబరు మీద పడక ఇంకెక్కడ పడుతుందని జగదీష్ అన్నాడు. ఆ రోజు షాపులో ఉమ్రా జనం కిక్కిరిసి ఉన్నారు, అక్బర్ ఇంక మాట్లాడకుండా వేసేశాడు.

ఏడాది పొడుగునా జగదీష్ ఆ లెక్క ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. సొసైటీలో బోనసు ఏడాదికొకసారి కడతారు, నడుమ పోయి అడిగితే గుమాస్తా విసుక్కుంటాడు. ఎక్కుళ్ళు కూడా అట్లాగే ఒక మూల పడి ఉంటాయని అతను నిశ్చింతగా ఉన్నాడు.

సెప్టెంబరులో సునంద ఢిల్లీకి బయలుదేరింది. పదహారు ఎప్పుడో దాటిపోయాయనీ, తన నెంబరు చూపిస్తే ముప్పై కిలోలు వదులుతారనీ జగదీష్ ధైర్యం చెప్పి, పది డబుల్ దుప్పట్లు అదనంగా కట్టించాడు. శంషాబాదు కౌంటరులో తూకం ఇరవై తొమ్మిది చూపించింది. సునంద నెంబరు చెప్పింది. కౌంటరు అమ్మాయి కంప్యూటరు చూసి, ఈ నెంబరు ఇంకెవరో జగదీష్ అనే ఆయనదనీ, ఆయన ఇంతవరకు తమ విమానం ఒక్కసారి కూడా ఎక్కలేదనీ చెప్పింది. ఆయన నా భర్తేనంది సునంద. అయితే ఆయన ఎక్కినప్పుడు ఆయనకు పడతాయి మేడమ్, ఎవరు సీట్లో కూర్చుంటే వాళ్ళకే లెక్క అంది ఆ అమ్మాయి.

ఎక్కువ బరువుకు వాళ్ళు అడిగింది కడితే ఆ దుప్పట్ల మీద లాభం కాదు కదా, నూలు ఖర్చు కూడా రాదు. సునంద అక్కడే నేల మీద కూర్చుని సంచి విప్పి, ఆ పది దుప్పట్లూ తీసి, తనను దింపి ఇంకా బయటే ఉన్న ఎమ్మిగనూరు కారు డ్రైవరుకు ఇచ్చి పంపింది. దుప్పట్లు ఆమె కన్నా తొమ్మిది రోజులు ముందే ఇల్లు చేరాయి. జగదీష్ వాటిని దింపుకుంటూ, వీధిలో అడిగినవాళ్ళకు ఏం చెప్పాలో తోచక, రంగు తేడా వచ్చిందని చెప్పాడు.

సునంద తిరిగి వచ్చాక అరవలేదు, అలగలేదు. కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, కౌంటరులో జరిగింది మొత్తం మామూలుగా చెప్పింది. అత్త లక్ష్మమ్మ కండెలు చుట్టడం ఆపి విని, సీట్లో కూర్చున్నోళ్ళకే లెక్కంటే బాగనే ఉండాది గదా అంది. జగదీష్ తల్లి వైపు చూశాడు. ఆమె మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

జగదీష్ రెండు రోజులు మయూరి కంపెనీని తిట్టాడు. మూడోరోజు నోటు పుస్తకం మళ్ళీ తీశాడు. ఈసారి నీలగిరి పక్క అతని కంట పడింది. నీలగిరిలో కుటుంబ ఖాతా ఉంది. ఇంట్లో ఎవరు ఎక్కినా పాయింట్లు ఇంటిపెద్ద పేరున పడతాయి. పైగా ఆ నెలాఖరు దాకా ఒక ఆఫరు పెట్టారు. కుటుంబంలో ఎవరైనా వేరే కంపెనీలో తిరిగి ఉంటే, ఆ బోర్డింగ్ పాసులు చూపిస్తే చాలు, ఇంటిపెద్దకు ఏడాదిపాటు గోల్డ్ కార్డు ఇస్తారు. అది చదివాక జగదీష్ మొహం వెలిగింది. లోకంలో మర్యాద తెలిసిన కంపెనీ ఒకటుందని అతనికి ఎంతో సంతోషం వేసింది.

ఆ మర్నాడే ఇద్దరూ బస్సెక్కి ఆదోని పోయారు. దారి పొడుగునా జగదీష్ నీలగిరి గొప్పలు చెప్పాడు. హైదరాబాదు నుంచి వాళ్ళ విమానాలు ఎక్కువట, పాయింట్లన్నీ ఒకచోట పోగుపడితే ఏడాదికి ఒక టికెట్టు ఊరికే వస్తుందట. సునంద కిటికీ లోంచి పత్తి చేలు చూస్తూ వింది. చెప్పాల్సిందంతా చెప్పాక అతను, తన ఫోటో ఒకటి కావాల్సి వస్తుందేమో, కొత్తది దిగాలేమో అన్నాడు.

అక్బర్ షాపులో ఆ రోజు జనం లేరు. అతను తీరిగ్గా కంప్యూటరు ముందు కూర్చుని రెండు కంపెనీల రూల్సూ చదివి చెప్పాడు. మయూరిలో సునంద తన పేరున చేరితే గడిచిన ఆరు నెలల ప్రయాణాలు ఇప్పుడైనా రాయించుకోవచ్చు, అంతకు ముందువి పోయినట్టే. ఆరు నెలల్లో ఏడుసార్లు పోయి వచ్చింది కాబట్టి పద్నాలుగు ఎక్కుళ్ళు. డిసెంబరులో చండీగఢ్ పోయి వస్తే పదహారు, గోల్డ్ వచ్చేస్తుంది. నీలగిరిలో చేరితే గోల్డ్ వారం రోజుల్లోనే వస్తుంది, కానీ జగదీష్‌కు. ఎక్కువ కిలోలు కూడా జగదీష్‌కే, లేదంటే అతనితో కలిసి ఒకే టికెట్టు మీద పోయేవాళ్ళకు. సునంద ఒక్కతే పోతే పదిహేను కిలోలే.

జగదీష్ ఆ రూలు చదివే ఉన్నాడు. నోటు పుస్తకంలో మాత్రం ఎక్కించలేదు.

ఏ దారైనా ముందు బోర్డింగ్ పాసులు కావాలన్నాడు అక్బర్. అవి ఎవరు దాచిపెడతారు, విమానం దిగగానే చెత్తబుట్టలో వేసేవే కదా అని కొంచెం దిగులుపడ్డాడు. సునంద చేతి సంచిలోంచి గుడ్డ మూట ఒకటి తీసి బల్ల మీద విప్పింది. మందపాటి కాగితం ముక్కలు, ఒక్కొక్కదానికి ఒక్కో రంగు నూలు చుట్టి ఉంది. ఏ ఊళ్ళో కొనేవాళ్ళు ఏ రంగు అడిగితే, ఆ రంగు నూలు ఆ ఊరి బోర్డింగ్ పాసుకే చుట్టి పెట్టుకోవడం ఆమె అలవాటు. అద్దకం చేసే ఆయనకు చూపించడానికి అట్లా సులువు. లక్నోకు లేత ఆకుపచ్చ, గువాహటికి చిక్కటి ఎరుపు, ఢిల్లీకి నీలంలోనే నాలుగు రకాలు. ఏడు ప్రయాణాలవీ పద్నాలుగు ముక్కలు, ఒక్కటి కూడా పోలేదు. అక్బర్ ఒక్కో ముక్క మీద నూలు విప్పి నెంబరు చూసుకున్నాడు, సునంద వెంటనే ఆ నూలు మళ్ళీ చుట్టేసింది.

పద్నాలుగూ అయ్యాక అక్బర్ చేతులు కీబోర్డు మీద పెట్టి, ఏ కంపెనీ తెరవమంటారన్నాడు. నీలగిరి అన్నాడు జగదీష్.

"నీలగిరి అయితే కిలోలు నాకు రావు గదా," అంది సునంద.

"నేనూ నీతో వస్తా. ఇద్దరం ఒకే టికెట్టు మీద పోదాం," అన్నాడు జగదీష్. అనేటప్పుడు అతని చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది. అది అతనికి తెలియదు, మిగతా ఇద్దరూ చూశారు.

"పదిసార్లూ వస్తావా?"

జగదీష్ అక్బర్ వైపు తిరిగి, తగువు తీర్చే పెద్దమనిషికి చెప్పుకున్నట్టు చెప్పుకున్నాడు. "ఇంటికి ఒక పేరుంటే సాలదా అక్బరూ. నా పేరైతేనేమి, ఆమె పేరైతేనేమి. యాడ పడినా ఇంట్లోకే గదా వచ్చేది."

అక్బర్ తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. మొగుడూ పెళ్ళాల నడుమ అతను టికెట్లు తప్ప ఇంకేమీ తియ్యడు.

"నువ్వు సెప్పేది నిజమే," అంది సునంద. "యా పేరైనా ఒకటే. అట్లయితే నా పేరే పెట్టు."

రెండూ ఒకటేనని అన్నది జగదీషే. ఒకటి కాదని ఇప్పుడంటే, తేడా ఏమిటో కూడా తనే చెప్పాలి. ఆ తేడా అతనికి బాగా తెలుసు, పైకి చెప్పుకునేది కాదు. అక్బర్ మయూరి తెరిచి, సునంద పేరు కొట్టి, పద్నాలుగు నెంబర్లూ ఎక్కించి, చండీగఢ్ టికెట్టు కూడా తీసేశాడు. మొత్తం ముప్పావు గంట పట్టింది. జగదీష్ ఆ ముప్పావు గంటా బయట బెంచీ మీద కూర్చున్నాడు.

అతనికి కష్టంగా ఉంది. ఆ కార్డు తన పేరున ఉండాలని జనవరి నుంచి ఎదురు చూశాడు, టీ బంకులో చెప్పుకున్నాడు కూడా. దుప్పట్లు నేల మీద పరిచి ఏరుకున్నది సునంద అని తెలుసు, అయినా తన దగ్గర నుంచి ఏదో లాక్కున్నట్టే ఉంది. మర్నాడు టీ బంకులో మాత్రం, అన్నీ ఆలోచించి మయూరినే ఖాయం చేశానని చెప్పాడు.

డిసెంబరులో సునంద చండీగఢ్ నుంచి వచ్చిన నాలుగో రోజున గోల్డ్ కార్డు వచ్చింది. చేతిలో పట్టుకునే అట్ట కార్డు వస్తుందని జగదీష్ అనుకున్నాడు. అది ఆమె ఫోనులో బొమ్మగా వచ్చింది. పసుపుపచ్చ మీద సునంద అని తెల్ల అక్షరాలు. కింద ఫలానావారి భార్య అని లేదు, ఇంటి నెంబరు లేదు. సునంద అత్తకు చూపించింది, అత్త బాగుందంది, ఆ తర్వాత అందరూ పనుల్లో పడిపోయారు. జగదీష్ మాత్రం ఆమె స్నానానికి పోయినప్పుడు ఇంకోసారి తీసి చూశాడు.

ఫిబ్రవరిలో ఢిల్లీ ప్రదర్శన వాళ్ళు ఈసారి స్టాలులో చిన్న మగ్గం పెడతామనీ, నేసి చూపించే మనిషిని కూడా తెమ్మనీ కబురు పెట్టారు. అమ్మడమూ నెయ్యడమూ సునంద ఒక్కతే ఏకకాలంలో చెయ్యలేదు. మనిషిని పెట్టుకుంటానంది ఆమె. వద్దు, నేనే వస్తానన్నాడు జగదీష్. ఆదోని పోయి చెవి డాక్టరుకు చూపించుకున్నాడు. అతను చుక్కల మందు రాసిచ్చి, పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ ఏదైనా నములుతూ ఉండమన్నాడు. జగదీష్ ఆ వారం రోజులూ సరిగ్గా నిద్రపోలేదు.

శంషాబాదులో సునంద ముందు నడిచింది. పొడుగాటి లైను పక్కన గోల్డ్ వాళ్ళకు చిన్న లైను ఉంది, అందులో ఒక్కరే ఉన్నారు. మగ్గానికి కావలసిన అచ్చు, నాడెలు, కండెల పెట్టె, కొత్త రకం దుప్పట్లు అన్నీ కలిపి సునంద సంచే ఇరవై ఎనిమిదిన్నర కిలోలు తూగింది, జగదీష్ సంచి ఇంకో పద్నాలుగు. కౌంటరు అమ్మాయి మారు మాట్లాడకుండా సంచులకు చీటీలు కట్టి లోపలికి పంపింది. జగదీష్‌కు ఆ క్షణంలో సంతోషమే కలిగింది. తను రాసిన లెక్క తప్పు కాలేదు మరి.

తనిఖీ అయ్యాక లాంజ్ దగ్గరికి పోయారు. నాలుగేళ్ళుగా జగదీష్ ఊరందరికీ వర్ణించి చెప్పిన చోటు అది. గుమ్మంలో కూర్చున్న అమ్మాయి సునంద ఫోను చూసి నమస్కారం పెట్టి, మీతో ఎంతమంది అని అడిగింది. ఒకరు అంది సునంద. జగదీష్ ఆధార్ కార్డు తీసి చేత్తో పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. ఆ అమ్మాయి దాన్ని తీసుకోలేదు. అతిథికి పేరు అక్కర్లేదు సార్, లెక్క ఉంటే చాలు అంది. జగదీష్ కార్డు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

లోపల మెత్తటి కుర్చీలు, అద్దాల గోడ, వరసగా మూతలు పెట్టిన పళ్ళాలు. సునంద తన ఫోనుతో పాటు అతని ఫోను కూడా చార్జింగుకు పెట్టి టిఫిను తెచ్చుకుంది. జగదీష్‌కు చెవి గుర్తొచ్చింది. నమలడానికి ఏమీ తెచ్చుకోలేదు. బయట మందుల షాపు చూసిన జ్ఞాపకం ఉంది. సునందకు చెప్పి పోయి, నమిలే బిళ్ళలూ కొంచెం దూదీ కొనుక్కుని పావుగంటలో తిరిగి వచ్చాడు.

గుమ్మంలో ఇప్పుడు వేరే అమ్మాయి కూర్చుని ఉంది. కార్డు చూపించమంది. తను ఇంతకు ముందే లోపలికి పోయానని చెప్పాడు జగదీష్. పేరు అడిగితే చెప్పాడు. ఆ అమ్మాయి తెర మీద పైనుంచి కిందిదాకా చూసి, ఆ పేరుతో ఎవరూ లేరంది. మయూరి గోల్డ్ సభ్యులకు ఒక అతిథిని తీసుకొచ్చే హక్కు ఉంటుందనీ, ఆ అతిథికి కూడా టిఫిను ఉచితమేననీ జగదీష్ నిదానంగా వివరించాడు. తన నోటు పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా అతనికి గుర్తుంది.

"రూల్స్ మీకు బాగా తెలుసు సార్," అంది ఆ అమ్మాయి మర్యాదగానే. "మీరు ఎవరి తాలూకో చెప్పండి."

అద్దంలోంచి సునంద వీపు కనిపిస్తోంది. అవతలి వైపుకు తిరిగి కూర్చుని ఉంది. పిలిస్తే వినిపించదు, తన ఫోను ఆమె దగ్గరే చార్జింగులో ఉంది. వెనక లైనులో సూటు వేసుకున్న ఆయన ఒకడు గడియారం చూసుకుంటున్నాడు. జగదీష్‌కు చెవులు వేడెక్కాయి.

"నేను సునంద మొగున్నమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి తెర మీద వెతికింది. "సునంద గారు, తోడు ఒకరు. సరే, వెళ్ళండి సార్," అని వెనక ఆయన్ను పిలిచింది. ఎవరూ అతని వైపు చూడలేదు, ఎవరూ నవ్వలేదు. ఆ మాటకు అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఆ మాట అనడం అతనికి అదే మొదలు.

లోపల సునంద అతని కోసం ఇంకో ప్లేటులో ఇడ్లీలు పెట్టి, చల్లారకుండా పైన గిన్నె మూసి ఉంచింది. ఇంతసేపు యాడికి పోయినావని అడిగింది. గుమ్మం దగ్గర ఆలస్యమైందని మాత్రం చెప్పి, జగదీష్ కూర్చుని ఇడ్లీ తుంచాడు. ఇరవై రెండేళ్ళుగా ఆమె నూలు తేవడానికి పోయినప్పుడు, కూలి తేవడానికి పోయినప్పుడు, కరెంటాఫీసులో, బ్యాంకులో, ఆస్పత్రిలో, ఎన్ని కిటికీల ముందు నిలబడి జగదీష్ ఇంటిదాన్ని అని చెప్పుకుని ఉంటుందో అతను లెక్క పెట్టడానికి ప్రయత్నించాడు. ఒక ఏడాదికే లెక్క అందలేదు. అతనికి సిగ్గేసింది. ఆమె నీళ్ళ గ్లాసు అతని వైపు జరిపి, తిను, ఇంకా టైముంది అంది.